గట్టు మీద మనిషికి అయిదడుగులు

2027లో గోదావరికి పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు అంచనాలు వేసే కాలం ఇది. ఆ కాగితాల్లో ఇంకొక్క పద్దు చేర్చమని అడగడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ధవళేశ్వరం నుంచి కోటిపల్లి దాకా గోదావరి పాయ గౌతమి ఎడమగట్టు మీద, ఏటివైపు అంచున, అయిదడుగుల వెడల్పు మట్టిబాట కావాలి. దాని మీదికి బండి ఎక్కే వీలుండకూడదు. టైల్సు అక్కర్లేదు, ఆర్చీలు అక్కర్లేదు. నడిచే మనిషి వెనక్కి తిరిగి చూసుకోకుండా నడవగలిగితే చాలు.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. మా ఇల్లు కపిలేశ్వరపురం దగ్గర, గట్టు దిగితే మూడో వాకిలి. ఈ ఆషాఢంలో పండరిపురం వారీకి నడవాలని సంకల్పించుకున్నాను. పుణె దగ్గర ఆళందిలో జ్ఞానేశ్వరుడి పాదుకలు పల్లకీలో బయలుదేరతాయి. ముందూ వెనకా దిండీలనే జట్లు కట్టుకుని, తాళాలు వాయిస్తూ, అభంగాలు పాడుకుంటూ లక్షల మంది నడుస్తారు. ఆడవాళ్ళు తులసికోటలు నెత్తిన పెట్టుకుంటారు. దాదాపు 250 కిలోమీటర్లు నడిచి, మనం తొలి ఏకాదశి చేసుకునే రోజుకి విఠలుడి ముంగిట ఉంటారు. తుకారాం పల్లకీ దేహూ నుంచి వేరే దారిలో వస్తుంది. గోదావరి ఒడ్డు నుంచీ పల్లకీలు కదులుతాయి. నది పుట్టిన త్ర్యంబకేశ్వరం నుంచి నివృత్తినాథుడిది, పైఠణ్ నుంచి ఏకనాథుడిది. పండరిపురం మనకి పరాయి ఊరేమీ కాదు. తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యం రాశాడు. 1957లో ఆ పేరుతోనే ఎన్టీఆర్ సినిమా వచ్చాక పుండరీకుడి కథ తెలియని తెలుగిల్లు లేదు. అక్కడ చంద్రభాగ అని పిలిచే భీమా నది నీళ్ళు చివరికి మన నారాయణపేట జిల్లా అంచుకొచ్చి కృష్ణలోనే కలుస్తాయి.

నన్ను ఇందులోకి దింపింది కాకినాడలో నాతో నర్సింగు చదివిన స్నేహితురాలు. పెళ్ళయ్యాక షోలాపూర్ వెళ్ళిపోయింది. అక్కడ తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వెళ్ళి తరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒక ఇంటి కోడలు తను. ఏటా వారీ నడుస్తుంది. "దమ్ము సంగతి వదిలెయ్యవే, పాదాలు చూసుకో. మూడోరోజు పొద్దున్న లేచి నిలబడగలిగావంటే పండరి చేరినట్టే" అంది ఫోన్లో. ఆ ఒక్క మాట పట్టుకుని సంక్రాంతి వెళ్ళగానే గట్టెక్కాను.

దూరపు నడకకి ఒళ్ళు సిద్ధం కావడంలో ఒక వరస ఉంటుంది. ఊపిరి ముందుగా అలవాటు పడుతుంది. కొన్ని వారాలకే ఆయాసం తగ్గి, ఇంకా నడవచ్చు అనిపిస్తుంది. కండ కొంచెం ఆలస్యంగా గట్టిపడుతుంది. మడమ వెనక నరం అని మనం పిలిచే స్నాయువు, పాదంలోని చిన్న ఎముకలు, మోకాటి చుట్టూ ఉండే పట్టీలు నెలలు తీసుకుంటాయి. దమ్ము ఉంది కదా అని దూరం పెంచేసినవాళ్ళే అరికాలి నొప్పితో మంచం ఎక్కుతారు. అందుకని శివరాత్రి దాకా పొద్దున్న గంటకు మించి నడవలేదు. తర్వాత వారానికి కాస్త చొప్పున పెంచాను. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాను. ఉగాది దాటాక శని, ఆది రెండు రోజులూ వరసగా పెద్ద నడకలు పెట్టుకున్నాను. శనివారం ఎగువకి జొన్నాడ వైపు, ఆదివారం దిగువకి కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గరికి. ఒక్కరోజు ఇరవై కిలోమీటర్లు నడవడం ఎవరైనా చేస్తారు. నిన్నటి కాళ్ళతో ఈ రోజు మళ్ళీ నడవడం నేర్చుకోవాలి. ఆదివారం మొదటి అరగంట పాదాలు కర్రల్లా ఉంటాయి, అక్కడ వెనక్కి తిరగకూడదు. అరగంట దాటితే వదులవుతాయి. వదులు కాకుండా ఒక్కచోటే నొప్పి పోట్లు పొడుస్తుంటే మాత్రం ఆగిపోవాలి. ఆ తేడా ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది, ఇంకొకరు చెప్పలేరు.

వారీ వానల్లో నడిచే నడక. నేను సాధన చేసేది మండుటెండల్లో. రెంటికీ సిద్ధం కావాలి. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట ముందుగానే పట్టడం మొదలై, దానిలో ఉప్పు తగ్గుతుంది, అదే నడకకి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. కోస్తాలో ఇంకో చిక్కుంది. గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.  మే నెలలో మా వార్డుకి వచ్చిన ఎండదెబ్బ కేసులన్నీ మట్టిపనికి, కోతలకి పోయినవాళ్ళవే. మాట తడబడినా, అడుగు తూలినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ముందు ఒళ్ళంతా తడిపి విసరండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మొదటి నిమిషాల్లోనే ప్రాణం ఉంటుంది. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన సీసా లేకుండా నేను గట్టెక్కను. మజ్జిగ మంచిదే, కానీ ఎండలో గంటల తరబడి మోస్తే పులిసిపోతుంది.

2003 వేసవిలో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా 1,475 కిలోమీటర్లు నడిచిన రాజశేఖరరెడ్డిగారు కూడా ఎండకి తాళలేక రాజమండ్రిలో పడకేశారు. కొన్నాళ్ళు ఆగి, కోలుకుని మళ్ళీ నడక సాగించారు. డాక్టరు చదివిన మనిషికే అది తప్పలేదు. ఆయన తర్వాత చంద్రబాబుగారు నడిచారు, జగన్‌గారు 3,648 కిలోమీటర్లు నడిచారు. ముగ్గురూ నడిచాక ముఖ్యమంత్రులయ్యారు. నడక విలువ వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్ళ పాదాలకూ బొబ్బలు లేచాయి. కానీ వాళ్ళు నడిచిన దారుల్లో, మా ప్రాంతం మటుకు నేను ఎరిగినంతలో, తర్వాత నడిచేవాడి కోసం ఒక్క బాట వేసిన చోటు లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పాదాల సంగతికి వస్తాను. బొబ్బ లేవడానికి మూడు కావాలి: తడి, వేడి, రాపిడి. వారీలో వాన వల్ల తడి తప్పదు. కాబట్టి తడి పాదంతో నడవడం ఇప్పుడే అలవాటు చేస్తున్నాను. రేవులో దిగి మేజోళ్ళతో సహా పాదాలు ముంచి, పైకొచ్చి, కాసేపు అలాగే నడుస్తాను. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. నాకు ఎడమ చిటికెన వేలు, కుడి మడమ. ఆ రెండు చోట్లా ముందే వాజలీన్ రాసి, పైన సర్జికల్ టేపు వేసి నడుస్తాను. బొబ్బ లేచాక వైద్యం చేయడం కంటే ఎర్రబడినప్పుడే ఆగడం తేలిక. ఎర్రబడిందనిపిస్తే ఎంత ఆలస్యమైనా కూర్చుని బూటు విప్పాల్సిందే. చీర కూడా మానేశాను. తడిసిన కుచ్చెళ్ళు మోకాళ్ళకు చుట్టుకుంటే అడుగు సగమైపోతుంది. పంజాబీ డ్రెస్సులో గట్టెక్కితే ఊళ్ళో కొన్నాళ్ళు వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. వారీలో సామాను మోయనక్కర్లేదు, దిండీ లారీలో వస్తుంది. భుజాన చిన్న సంచి చాలు.

మా గట్టుకు లేనిది ఎక్కుడు. పుణె నుంచి సాస్వడ్ వెళ్ళే రోజు దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, మధ్యలో దివే ఘాటు. బోడి కొండ మీద మెలికలు తిరిగే ఎక్కుడు. పల్లకీ రథం లాగడానికి అదనంగా ఎడ్లు కడతారు. ఆ రోజు ఏకాదశి, చాలామంది ఉపవాసంతో ఎక్కుతారు. దానికోసం నెలకోసారి కోరుకొండ నరసింహస్వామి మెట్లు ఎక్కి దిగుతున్నాను. నిటారు మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం తెలుస్తుంది కానీ, తొడ కండకి అసలు పరీక్ష దిగేటప్పుడే. మిగతా రోజుల్లో రేవు మెట్లు, గట్టు వాలు.

ఇక ఈ గట్టు మీద నడిచే మనిషి ఏం భరిస్తున్నాడో చెప్పాలి.

గట్టు మీద ఇప్పుడు తారురోడ్డు ఉంది. ఇసుక ర్యాంపుల నుంచి లారీలు, ట్రాక్టర్లు తెల్లారకముందే మొదలవుతాయి. బండి వచ్చినప్పుడల్లా మనిషి తారు దిగి అంచుకు పోవాలి. ఆ అంచు ఏటవాలుగా ఉంటుంది. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతుంది. గంటల తరబడి అలా నడిస్తే తుంటి, మోకాలు పట్టేస్తాయి. నా దగ్గరికి కాళ్ళనొప్పులని వచ్చే ఆడవాళ్ళలో కొందరికి మందు అక్కర్లేదు, చదునైన నేల కావాలి. బండ్లకి ఎదురుగా, రోడ్డుకి కుడిపక్కన నడవమని అందరికీ చెబుతుంటాను. కనీసం వచ్చేది కనబడుతుంది. అయినా వంపుల దగ్గర అదీ అక్కరకు రాదు. మా వదిన శివరాత్రి దాకా నాతో వచ్చింది. ఒకరోజు ట్రాక్టరు తొట్టి ఆమె చీర చెంగును ఒరుసుకుంటూ పోయింది. "నువ్వు వెళ్ళు పాపా, నాకీ నడక వద్దు" అని ఆ రోజుతో మానేసింది. ఆవిడకి షుగరు. నడక ఆవిడకి మాత్రతో సమానం. ఆ మాత్ర రోడ్డు లాగేసుకుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు. అడ్డంకులు లేని కాలిబాట మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టణాల ఫుట్‌పాత్‌లకే అది వర్తిస్తుందని అనుకోకండి. పల్లెలో నడిచే మనిషిదీ అదే ప్రాణం.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. గట్టు పొడుగునా మరుగుదొడ్డి లేదు. అందుకని ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా నడుస్తారు. శనివారం తెల్లవారుజామున అవతలి గట్టు మీద వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కుతో కాలినడకన వెళ్ళేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే. దాహం ఆపుకుని నడిచి, సోమవారానికల్లా మూత్రంలో మంటతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళను నేను ఎంతమందినో చూశాను. గట్టు దిగువన ఊరి మొదట్లో ఒక్కో గది, నీళ్ళ కుళాయి, లోపల గడియ. ఇంతకంటే ఏం అడగడం లేదు.

ఇవన్నీ మనకి చేతకాని పనులు కావు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. వాటికి పైకప్పు వేశాం, నీళ్ళు పెట్టాం, మరుగుదొడ్లు కట్టాం, కాపలా పెట్టాం. నడిచేవాడిని గౌరవించడం మనకు తెలుసు. మహారాష్ట్రలో ఇంకో మెట్టు ముందుకు వేశారు. ఆళంది, దేహూ పల్లకీలు వెళ్ళే రెండు దారులనూ జాతీయ రహదారులుగా వెడల్పు చేసే పనికి 2021 నవంబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ ప్రణాళికలోనే రోడ్డుకి రెండు పక్కలా, వారీ నడిచే వార్కరీల కోసం విడిగా నడకదారి రాసుకున్నారు. రోడ్డు కాగితం మీద ఉన్నప్పుడే మనిషికి చోటు పెట్టారు. మన అంచనాలు కూడా ఇంకా కాగితం మీదే ఉన్నప్పుడు ఇది అడుగుతున్నాను.

రోడ్డు మూసేయమని నేను అనడం లేదు. లంకల్లో అరటి గెలలు, కూరగాయలు సంతకి వెళ్ళేది దీనిమీదే. 108 బండి వచ్చేదీ దీనిమీదే, దాని విలువ నాకంటే ఎవరికి తెలుసు. గట్టు మీద చెట్లు నాటమనీ అనను. పెద్ద చెట్టు వేరు గట్టు లోపలికి దిగి, చచ్చి కుళ్ళితే ఆ దారినే నీరు ఊరుతుంది. నీడ కావాలంటే గట్టు దిగువన, ఊరివైపు, పాదానికి దూరంగా నాటాలి. గట్టు ఇరుకైన చోట ఊరివైపు మట్టి పోసి వెడల్పు చేయాలి. ఒక్క గంప మట్టి కూడా గట్టు నుంచి చెక్కకూడదు. ఈ గట్టు ముందుగా మా ప్రాణాలకి కాపు, తర్వాతే రోడ్డయినా, బాటయినా.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. గట్లు తెగాయి. ఆ వరద చూసినవాళ్ళెవరూ గట్టు గురించి తేలిగ్గా మాట్లాడరు. 2022 జూలైలో భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు మా ఊరి మగవాళ్ళు ఇసుక బస్తాలు పట్టుకుని రాత్రుళ్ళు గట్టు మీదే ఉన్నారు. గట్టుకి ముప్పు పైనుంచి పొర్లే నీటితోనే రాదు. పందికొక్కు బొరియ, ఎండ్రకాయ కన్నం, కుంగిన చోటు, ఊరివైపు పాదంలో చెమ్మ, వీటితో మొదలవుతుంది. వీటిని లారీలో వెళ్ళేవాడు చూడలేడు. రోజూ అదే చోట నడిచేవాడికి నిన్న లేని కన్నం ఈ రోజు కనిపిస్తుంది.

మా గట్టు లస్కరు ఒకరోజు నన్ను ఆపి, "అమ్మగారూ, మీరు రోజూ తిరుగుతారు కదండీ, ఎక్కడన్నా బొరియ కనబడితే ఒక్క ఫోను చేయండమ్మా. ఇంత గట్టు ఒక్కణ్ణే చూసుకోలేకపోతున్నానండి" అన్నాడు. అప్పటినుంచి చేస్తున్నాను. కిలోమీటరు రాయి నంబరు చెబుతాను, ఎగువకో దిగువకో ఎన్ని అడుగులో చెబుతాను. అతను వచ్చి పూడ్పిస్తాడు. నాలాంటివాళ్ళు ఊరికి పదిమంది నడిస్తే గట్టుకి జీతం లేని కాపలా దొరికినట్టే. బాట వేయడానికి ఇంజనీర్లకి ఇంతకంటే బలమైన కారణం నేను చెప్పలేను. నడకదారి గట్టుకి బరువు కాదు, దాని కన్ను. టన్నుల కొద్దీ ఇసుకతో వెళ్ళే లారీ గట్టును కుంగదీస్తుంది. మనిషి పాదం దాన్ని అణిచి గట్టిపరుస్తుంది.

పుష్కరాలకి వచ్చే జనం పన్నెండు రోజులు ఉంటారు. ఘాటు మెట్లు, దీపాలు వాళ్ళకోసం కావలసిందే. మిగతా రోజులన్నీ ఈ ఒడ్డున ఉండేది మేము. షుగరు ఉన్న మా వదిన, వాడపల్లి మొక్కున్న కోడళ్ళు, కోటిపల్లి శివరాత్రికి నడిచొచ్చే లంక జనం, పోలీసు సెలక్షన్లకి తెల్లవారకముందే పరుగెత్తే కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళు సెల్‌ఫోన్ లైటు వెనక్కి తిప్పి పట్టుకుని పరిగెడతారు, లారీ డ్రైవరుకి కనబడాలని. అలా పరిగెత్తే పిల్లల్ని చూస్తే కడుపులో దిగులు పుడుతుంది.

నేను నడిచినంత మేరా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ కిలోమీటరు రాయి దగ్గర బోరింగు ఉంది, దానికి చెయ్యి ఉందా లేదా, నీడ ఎక్కడ, గట్టు ఇరుకు ఎక్కడ, బండి వస్తే తప్పుకునే చోటు లేని వంపులు ఏవి, మరుగుదొడ్డి కట్టడానికి పంచాయతీ స్థలం ఏ ఊళ్ళో ఉంది. దాని నకలు ఒకటి ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులో ఇచ్చాను. జొన్నాడకి ఎగువన ధవళేశ్వరం దాకా నేను ఇంకా నడవలేదు, ఆ ముక్క అక్కడివాళ్ళెవరైనా రాయాలి. అవతల వాడపల్లి గట్టుకి కూడా రోజూ నడిచేవాళ్ళు ఇలాంటిదే తయారు చేయాలి. ఆషాఢం రాకముందే మూడూ కలిపి సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజున ఇద్దాం. వరదతో ఎర్రనీరు వచ్చాక గట్టు మీద కొలతలు వేయడం కుదరదు, అప్పటికి నేనూ ఊళ్ళో ఉండను.